డేరాలో వాన

పిల్లల సినిమాతో పెద్దవాళ్లకేం పని అని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

యుద్ధం రోజులవి. చిత్తూరు పక్కన మా పల్లెలో వానల్లేక వేరుశనగ చేను మాడిపోయింది, బావి ఎండిపోయింది. ఓ సాయంత్రం నాయన నన్ను ఊళ్లోకొచ్చిన డేరా సినిమాకు తీసుకెళ్లాడు. తెరమీద ఓ పసివాడు పిలిస్తే మబ్బులొచ్చి వాన కురిసింది. వాడిమీద పైనుంచి ఎవరో నీళ్లు పోస్తున్నారని చిన్నపిల్లనైన నాకే తెలిసిపోయింది. పక్కన నాయన మాత్రం తెరవైపు అరచెయ్యి చాచి కూర్చున్నాడు.

"అది నిజం వాన కాదు నాయనా."

"తెలుసులేమ్మా, సూడనీ."

మర్నాడు సాయంత్రం అమ్మ అడిగింది.

"మళ్లా యాడికి?"

"పాపకు ఇంగోసారి సినిమా సూపిస్తా" అని, నన్ను గడపలోనే మరిచిపోయి, ఒక్కడే వెళ్లిపోయాడు.