సెరీన్ పేరు వెంట గుడుపల్లె దాకా

పిల్లలకు అమైనో ఆమ్లాలు చెప్పేటప్పుడు, బోర్డు మీద సెరీన్ అని రాసి కాసేపు ఆగిపోతాను. ఆ పేరులో పట్టు ఉంది. లాటిన్‌లో పట్టును సెరికం అంటారు. దాని వెనక, ఎక్కడో తూర్పున పట్టు పండించే జనానికి గ్రీకులు పెట్టిన పేరుంది. పట్టుదారానికి ఉండే జిగురు నుంచి మొదట తీశారు కాబట్టి ఈ ఆమ్లానికి ఆ పేరు వచ్చింది. ఆ జిగురును ఒక్కసారైనా ముట్టుకోవాలని నాకు ఎన్నాళ్లుగానో ఆశ.

ఆదివారం పొద్దున్నే మదనపల్లెలో పట్టునూలుకు రంగులద్దే రెడ్డెప్ప దగ్గరికి వెళ్లాను. అప్పటికే నూలును సబ్బునీళ్లలో ఉడికిస్తున్నాడు. "జిగురు పోతేనే రంగు పడతాదమ్మా. నీకు జిగురే కావాలంటే మా అక్క మునెమ్మ కాడికి పో. గుడుపల్లె పక్కన పురుగులు మేపతాండాది," అని ఆమెకు ఫోన్ చేశాడు.

పుంగనూరులో ఇడ్లీ తిని, పలమనేరు మీదుగా కుప్పం చేరాను. మొత్తం నాలుగు గంటలు పడుతుందనుకోండి. అక్కణ్ణుంచి షేర్ ఆటో ఉంటుంది. దారంతా టమాటా తోటలు, మల్బరీ తోటలు నిద్రలోకీ మెలకువలోకీ వచ్చిపోయాయి.

పురుగులింటి గడప దగ్గరే మునెమ్మ ఆపేసింది. "ఆడనే ఉండమ్మా. ఒంటికి ఏం పూసుకోనుండావు?"

దోమల క్రీమ్ అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"పోయిన పంట మందు గాలికే పోయింది. పక్క తోటలో టమాటాకు కొట్టినారు. ఒక్క గూడూ దక్కలా. ఇవి ఈ పొద్దు గూడు కట్టాల."

నాకు సిగ్గేసింది, వెళ్లిపోతానన్నాను.

"అంత దూరం నుంచి వచ్చి యాల పోతావు? తలకు పోసుకోని, నా కోక కట్టుకోని రా."

తడి జుట్టుతో లోపలికి వెళ్లాను. ఇంకా పండని, అంటే గూడు కట్టే అదనుకు రాని పురుగులు ఆకు కొరుకుతుంటే రేకుల మీద సన్నని వాన పడుతున్నట్టుంది. పండినవి తేనెరంగు తిరిగి వెదురు తట్టల మీద ఊరికే పడున్నాయి. మునెమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. చాలాసేపటికి ఒక పురుగు తలెత్తి, అటూ ఇటూ ఊపింది. దాని నోటి నుంచి దారం సాగింది.

"కడతాండాది," అంది మునెమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని, తట్ట అంచుకు అంటిన పోగును నా వేలి మీద పెట్టింది. అది జిగటగా ఉంది. దాని పేరు నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. నా కళ్లు కూడా తడిశాయి.

ఇన్నాళ్లూ ఆ పేరు గ్రీకు దాకా వెళ్లిందనే మురిసిపోయాను. ఇప్పుడు దాన్ని రాసేటప్పుడు తడి జుట్టూ, ఆ వాన చప్పుడూ గుర్తొస్తాయి. మీరూ వెళ్లాలనుకుంటే క్రీములు, సెంట్లు మానేసి, ఉతికిన బట్టలు ఒక జత తీసుకెళ్లండి. ఆ గడప అవతల ఒక ఇంటి పంట ఉంటుంది.