నూక కాని గింజతో నయాపూల్ దాకా

మా అక్క సుజాతకు నల్గొండ దగ్గర రెండెకరాల వరి ఉంది. హైదరాబాద్ నయాపూల్‌లో మెస్ నడిపే పుష్పక్క ఏటా ఆ బియ్యమే కొనేది. నిరుడు వేసవిలో కోతకొచ్చే యాసంగి పంటకు గింజ పాలు పోసుకునే వేళకే ఎండలు ముదిరాయి. అలాంటి గింజ లోపల గట్టిపడదు, మిల్లులో పడగానే విరుగుతుంది. బస్తాల్లో సగం నూకలే ఉండేసరికి పుష్పక్క ఇక వద్దంది. అక్కకు పంతం వచ్చింది. ఊళ్లో అందరూ నవ్వుతున్నా ఈసారి నారు ముందే పోసి, ఎండలు ముదిరేలోపే కోయించింది. ఇప్పుడు కూడా పుష్పక్క కాదంటే పొలం కౌలుకిచ్చేస్తానని తెగేసి చెప్పింది. బియ్యం నమూనాతో పుష్పక్క దగ్గరికి అక్కను ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ బయల్దేరాను.

పొద్దున ఆరింటి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులివ్వక్కర్లేదు. తొమ్మిది దాటాక ఎంజీబీఎస్ బస్టాండులో దిగాం. అక్కడి నుంచి నయాపూల్ నడిచిపోయేంత దూరమే, కానీ బియ్యం మూటతో ఆ ఎండలో నా వల్ల కాదని యాభై రూపాయలకు ఆటో మాట్లాడాను. అక్క మూటను ఒళ్లోంచి దించితే ఒట్టు. ఆటో అతను అద్దంలో చూసి నవ్వాడు.

"ఏందక్కా, బంగారమా?"

"నాకైతే గంతే భాయ్," అంది అక్క.

మెస్‌లో పుష్పక్క బియ్యం చేటలో పోసి చెరిగి చూసింది. నూకలు ఏవో కొన్ని రాలాయంతే. అయినా వండి చూడందే మాటివ్వనంది. మధ్యాహ్నం జనం రాకముందే చిన్న గిన్నెలో ఎసరు పెట్టింది. తీరా దించి చూస్తే అన్నం ముద్దముద్దగా ఉంది. నేను అక్క వైపు చూడలేకపోయాను.

పుష్పక్క మాత్రం తాపీగా మెతుకు నలిపి చూసింది. "కొత్త బియ్యం గదా, ముద్దైతది. పాతవడితే అదే పోతది, ఫికర్ చెయ్యకు. నూక అయితే ఎన్నేండ్లు దాచినా గింజ గాదు. గిది గింజనే."

రెండు నెలలు నిలవబెట్టి బస్తాలన్నీ పంపమంది. ఆ అన్నమే పప్పుతో కలిపి అక్క ముందు పెట్టింది. అక్క కళ్లు తుడుచుకుంటూనే కంచం ఖాళీ చేసింది. నాకైతే మస్తు సంతోషమేసింది.

ఎండలు ఏటికేడు ముందుకు జరిగితే ఏం చేస్తావని తిరుగు బస్సులో అడిగాను. ఇంకా తొందరగా కోతకొచ్చే విత్తనం వెతుకుతానంది. ఎండను ఆపడం మన చేతుల్లో లేదు, నాటే రోజు మాత్రం మన చేతుల్లోనే ఉందని నాకు గట్టిగా అనిపించింది. మీరూ ఇలా బియ్యం నమూనాతో వెళ్తుంటే ఒక్క మాట: దారిలో టిఫిన్ తినకండి. మీ పంట మీరే ముందు తినాల్సి వస్తుంది.