అమ్మను మోసుకెళ్లింది నేనేనని

హైదరాబాద్‌లో మొదటిసారి ఆ షోకి పిలిచినప్పుడు నాకొక ఫారం ఇచ్చారు. ఊరు, చదువు, ఇష్టమైన కూర, దేనికి భయపడతారు, ఎవరి మీద కోపం. చివరి పేజీలో ఒకటే ప్రశ్న ఉంది: మీ జీవితంలో మిమ్మల్ని బాగా ఏడిపించిన సంఘటన ఏది? దాని కింద పేజీ మొత్తం ఖాళీగా వదిలారు.

అప్పటికి నేను ఆర్మూర్ బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ షాపులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చేసేదాన్ని. అత్తను నేనే, కోడలిని నేనే. కొంగు నెత్తిమీదికి లాగితే అత్త, భుజం మీదికి జారిస్తే కోడలు. వాటిని జనం చూశారు. ముందు టీవీలో కామెడీ స్కిట్లకు పిలిచారు. తర్వాత ఈ షో. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి, బయటికి పోనివ్వకుండా, వాళ్లు తినేదీ తిట్టుకునేదీ రోజూ చూపించే షో. పేరు ఇక్కడ అవసరం లేదు.

ఆ ఖాళీ పేజీలో అమ్మ కాలు కాలిన సంగతి రాశాను.

జరిగింది ఇది. నేను తొమ్మిదో తరగతి, అక్క ఇంటర్ ఫస్టియర్. నాన్న దుబాయ్‌లో ఉన్నాడు. పసుపు తవ్వే కాలంలో అమ్మ కూలికి పోయేది, సెలవు రోజైతే అక్క కూడా వెంట పోయేది. ఆ ఆదివారం అంకాపూర్ అవతల ఒక రైతు కల్లంలో పసుపు ఉడకబెడుతున్నారు. పెద్ద ఇనుప కడాయిలో నుంచి ఉడికిన కొమ్ములు తీసే గంప అమ్మ చేతిలో నుంచి జారింది. మసిలే నీళ్లు ఎడమ కాలి మీద, మోకాలి నుంచి పాదం దాకా పడ్డాయి. కల్లం దగ్గర బండి లేదు. అక్కే అమ్మను వీపు మీద వేసుకుని చేన్ల గట్ల మీదుగా రోడ్డు దాకా నడిచింది. అక్కడ ఒక ఆటోను ఆపి ఆర్మూర్ దవాఖానకు తెచ్చింది. ఆదివారమైనా నేనప్పుడు బడిలో వార్షికోత్సవానికి డ్యాన్సు నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఇంటికి వస్తే తాళం ఉంది. పక్కింటామె చెబితే దవాఖానకు పోయాను. అప్పటికే అమ్మ కాలికి కట్టు కట్టేశారు. అక్క మంచం పక్కన కింద కూర్చుని ఉంది. ఆమె జాకెట్ వెనక అంతా పసుపు మరకలు.

అమ్మ లేచి నడిచేదాకా అక్కే ఆమెను చూసుకుంది. పరీక్షలు రాయలేదు. తర్వాత కాలేజీకి పోలేదు. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పెళ్లయి అదే ఊళ్లో అత్తగారింటికి పోయినా ఇప్పటికీ చుడుతోంది.

ఫారం చదివిన అమ్మాయి కెమెరా ముందు నన్ను చెప్పమంది. చెప్పాను. "మేం అమ్మను దవాఖానకు తీస్కపోయినం" అన్నాను. అది నేను కావాలని ఆడిన అబద్ధం కాదు. మా ఇంట్లో ఎవరు చేసినా మేం చేశామనే అంటాం. ఆ అమ్మాయి ఆపింది.

"మేం అంటే ఎవరెవరండీ? చూసేవాళ్లకు కన్‌ఫ్యూజన్‌గా ఉంటుంది. నేను అని చెప్పండి. మీ కథ కదా."

నేను మళ్లీ చెప్పాను. "నేను అమ్మను వీపు మీద ఏస్కొని రోడ్డు దాంక నడిచిన." అనగానే కళ్లలో నీళ్లు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. ఆ అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుంది. "సూపర్" అంది. అప్పుడే సరిచేసి ఉండొచ్చు. నన్ను తీసుకోరేమోనని భయపడ్డాను.

ఆ ఇంట్లో ఏడు వారాలు ఉన్నాను. బయట ఉన్నవాళ్లకు అది ఆటలా కనిపిస్తుంది. లోపల అలసటే. నడుముకు కట్టిన మైకు డబ్బా ఒరుసుకుని పుండైంది. బయటికొచ్చాక కూడా చాలాకాలం దాకా మాట్లాడే ముందు నా చెయ్యి నడుము మీదికి పోయేది, మైకు ఉందో లేదోనని. రెండో వారంలో షోవాళ్లు నాకొక మాట చెప్పారు, ఇంకొంచెం యాస వెయ్యమని. నేను మాట్లాడేది యాసేనని అన్నాను. "అది సరిపోవట్లేదు, జనం ఎంజాయ్ చెయ్యాలి" అన్నారు. నేను వేశాను. మాటకొక 'గీ', మాటకొక 'గా' తగిలించాను. మా వైపు కమ్మర్‌పల్లిలో కానీ నందిపేట్‌లో కానీ ఏ మనిషీ మాట్లాడని భాష ఒకటి తయారైంది. అది నా భాష అని రాష్ట్రమంతా అనుకుంది. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "గట్ల ఎవ్వలు మాట్లాడుతరు బిడ్డా, మనింట్ల?" అని.

ఇంటివాళ్లను చూపించే వారం అమ్మ వచ్చింది. అక్క రాలేదు. నాకు ఊపిరాడినట్టయింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. అమ్మను కాలు చూపించమన్నారు. అమ్మ ఒకసారి నా వైపు చూసి చీర కుచ్చెళ్లు కొంచెం పైకెత్తింది. ముడతలు పడిన, అక్కడక్కడ తెల్లబడిన చర్మం. కెమెరా దగ్గరికి వచ్చింది. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. కాలికి చప్పట్లు ఎందుకు కొడుతున్నారో అమ్మకు అర్థం కాలేదు, అయినా దండం పెట్టింది.

నేను గెలవలేదు. అయినా ఆర్మూర్‌లో దిగేసరికి ఫ్లెక్సీలు కట్టారు, డప్పులు కొట్టారు, కారు పైకప్పులో నుంచి నన్ను నిలబెట్టి తిప్పారు. ఇంటికి చేరాక అక్క అన్నం పెట్టింది. అందరూ వెళ్లిపోయాక అడిగాను.

"చూసినవా అక్కా, అన్నీ?"

"చూసిన."

"నేను చెప్పింది..."

"మంచిగనే చెప్పినవ్. తిను, సల్లారుతది" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆపైన మూడేళ్లపాటు నేను టీవీలో కనిపిస్తూనే ఉన్నాను. ఉగాదికి ఒక కార్యక్రమం, బతుకమ్మకు ఒకటి, దీపావళికి ఒకటి. బతుకమ్మ షూటింగ్ పండుగకు ఎన్నో రోజుల ముందే అయిపోయేది, ప్లాస్టిక్ తంగేడు పూలతో. పొద్దున ఏడింటికి రమ్మంటారు, మధ్యాహ్నం దాటాక పిలుస్తారు. అప్పటిదాకా నిండా పిన్నులు గుచ్చిన చీరలో, ఒరగకుండా కూర్చోవాలి. అద్దె నగల కింద మెడ దురద పెడుతుంది. స్టేజీ ఎక్కాక కాసేపు ఆట, కాసేపు పాట. ఆ తర్వాత లైట్లు తగ్గుతాయి. యాంకర్ గొంతు తగ్గుతుంది. "మీ నవ్వు వెనక ఒక బాధ ఉంది కదా" అంటాడు. అది నా వంతు.

ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలో తెలిసిపోయింది. మొదట్లో నీళ్లు వాటంతటవే వచ్చేవి. తర్వాత రాలేదు. మేకప్ ఆమె కళ్ల కింద ఏదో రాసేది, మండేది, నీళ్లు కారేవి. ఒకసారి యాంకరే నాకన్నా ముందు ఏడవడం మొదలుపెట్టాడు. నేనేం చెప్పబోతున్నానో అతనికి మొత్తం తెలుసు. ఆ రోజు కారులో హైదరాబాద్‌లో నేనుండే హాస్టల్‌కు వస్తూ, ఆ గట్ల మీద నేను నిజంగానే నడిచినట్టు కాళ్లు లాగుతున్నాయనుకున్నాను. అంతగా నమ్మాను.

మహిళా దినోత్సవానికి ఒక కార్యక్రమం చేశారు. అమ్మనూ అక్కనూ ఇద్దరినీ తీసుకురమ్మన్నారు. అక్క రాదులే అనుకుని అడిగాను. ఒప్పుకుంది. "అమ్మ అంత దూరం ఒక్కతె ఎట్ల కూసుంటది? కాలు సాపుకోవాలె గద" అంది.

మేకప్ గదిలో అక్కకు పట్టుచీర కట్టారు. తంబాకుతో నల్లబడిన ఆమె వేళ్ల చివర్లకు ఏదో క్రీము రాసి తెల్లగా చేద్దామని ఒకామె చాలాసేపు కష్టపడింది. పోలేదు. "చేతులు ఒళ్లో పెట్టుకోండి, పైకెత్తొద్దు" అని చెప్పి వెళ్లిపోయింది. అక్క చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుని స్టేజీ మీదికొచ్చింది.

లైట్లు తగ్గాయి. నేను నా వంతు చెప్పాను. యాంకర్ అక్క వైపు తిరిగాడు.

"చెల్లి చిన్నపిల్ల. అమ్మను వీపు మీద మోసుకుని నడుస్తోంది. ఆ టైంలో మీరెక్కడున్నారక్కా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అనుకోవాల్సింది. అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. పిల్లలు ఏదైనా పగలగొట్టినప్పుడు పెద్దవాళ్లు చూస్తారే, అట్లా.

"ఇంట్ల ఉన్న" అంది.

"ఇంట్లోనా?"

"ఆ. అన్నం వండుతున్న."

అమ్మ ఏదో అనబోయింది. అక్క, చేతులు పైకెత్తొద్దన్న మాట మరిచిపోయి, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. అమ్మ ఊరుకుంది.

షూటింగ్ అయ్యాక నడవాలో అక్కను పట్టుకున్నాను. ఆమె చీరకున్న పిన్నులు ఒక్కొక్కటే తీస్తోంది.

"ఎందుకట్ల చెప్పినవ్ అక్కా?"

"మరేం చెప్పాలె? అంతమంది ముందట నువ్వు అబద్ధమాడినవని అనాల్నా?" పిన్నులన్నీ నా చేతిలో పెట్టింది. "అమ్మకు మందు టైమైంది, బండి ఎక్కడుందో చూడు."

కార్యక్రమం వచ్చిన రోజు నేను హాస్టల్‌లో చూశాను. 'ఇంట్ల ఉన్న' అన్న మాట మూడుసార్లు వేశారు. ప్రతిసారీ అక్క మొహం మీదికి మెల్లగా కెమెరా పోయింది. వెనక ఏదో బరువైన సంగీతం. కింద కామెంట్లు చదివాను. తల్లి కాలుతుంటే అన్నం వండుకుంటోందట అని ఒకరు. ఇలాంటి పెద్దకూతురు పగవాళ్లకు కూడా వద్దని ఒకరు. ముఖం చూస్తేనే తెలుస్తోందని ఇంకొకరు. మరునాడు అమ్మ ఫోన్ చేసింది.

"మీ అక్క కార్ఖానల బీడీలు ఇయ్యబోతే అందరు అడిగిండ్రంట దాన్ని. మీ అమ్మకు కాలు కాల్తె నువ్వు ఇంట్లనే ఉంటివా అని. వాళ్లత్త గూడ ఏదో అన్నదంట. అది చెప్తలేదు. వేరేవాళ్లు చెప్పిండ్రు."

"నువ్వు వాళ్లకు చెప్పలేదా అమ్మా?"

"ఏమని చెప్పాలె బిడ్డా? నువ్వు చెప్పింది తప్పనా, అది చెప్పింది తప్పనా?"

నేను ఆర్మూర్ వచ్చేశాను. నిజామాబాద్‌లో యూట్యూబ్ ఛానల్ నడిపే ఒకతను అంతకుముందు నుంచీ ఇంటర్వ్యూ అడుగుతున్నాడు. అతన్ని మా ఇంటికే పిలిచాను. మధ్యాహ్నం పూట, వసారాలో కుర్చీ వేసుకుని, మేకప్ లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను చివర్లో కెమెరా ఆపి, "అక్కా, ఇది పెడితే నీకే నష్టం గద" అన్నాడు. పెట్టమన్నాను. పెట్టాడు. నేను జనాన్ని మోసం చేశానని పెద్ద అక్షరాలతో పైన రాశాడు. అది నేను ఊహించిందే.

ఊహించనిది, పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవడం. కొందరు తిట్టారు. కొందరు ఇది కొత్త నాటకం అన్నారు. షో నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఎందుకండీ ఇప్పుడు, అయిపోయిన ఎపిసోడే కదా" అన్నాడు, విసుగ్గా. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. నిజానికి అంతకుముందే తగ్గుతున్నాయి. కొత్త షో, కొత్త మనుషులు, వాళ్లకూ ఏదో ఒక బాధ.

అక్క సంతోషిస్తుందనుకున్నాను. వీడియో వచ్చిన రెండో రోజు ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"నన్నడిగినవా?"

"ఏంది అక్కా?"

"అప్పుడు నా సంగతి నీదని చెప్పినవ్, నన్ను అడగలె. ఇప్పుడు నాదని చెప్పినవ్, గిప్పుడు గూడ అడగలె. ఇగ జూడు, పొద్దటి నుంచి ఒక్కొక్కలు వచ్చి నీ చదువు పోయిందట గద, పాపం అంటున్నరు. నాకు గది ఎవలతోని చెప్పుకోవాలని లేకుండె."

ఆమె వెళ్లిపోయింది. చాలా రోజులు మా ఇంటికి రాలేదు. అమ్మనే వాళ్లింటికి పిలిపించుకునేది.

ఇప్పుడు నేను మళ్లీ మొబైల్ షాపులోనే పనిచేస్తున్నాను, వేరే షాపు. ఫోన్‌కు గ్లాసు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు నా మొహం చూసి ఆలోచిస్తారు. ఎప్పుడైనా ఒక బట్టల షాపు ఓపెనింగ్‌కు పిలిస్తే పోతాను. పాత ఎపిసోడ్లు పగటిపూట మళ్లీ వేస్తుంటారు. అమ్మ చూస్తుంది. నేను వేరే గదిలో ఉంటాను.

మొన్న ఎండలకు అమ్మ కాలి చర్మం పగిలి చీము పట్టింది. ఎప్పుడూ అక్కే దవాఖానకు తీసుకుపోతుంది. ఈసారి నేనూ వస్తానన్నాను. అక్క వద్దనలేదు. బెంచీ మీద ముగ్గురం వరుసగా కూర్చున్నాం. ఎదురుగా ఉన్న ఒకామె చాలాసేపు చూసి లేచి వచ్చింది.

"నువ్వు టీవీల వచ్చినవ్ గద? అమ్మను మోస్కపోయింది నువ్వే గద?"

"నేను కాదమ్మా. మా అక్క" అని చూపించాను.

ఆమె అక్కను చూసింది, అమ్మ కాలును చూసింది, మళ్లీ నన్ను చూసింది. "అయినా ఒక ఫొటో దిగుదాం" అని ఫోన్ తీసింది. చెయ్యి చాపి ఎంత ప్రయత్నించినా ఇద్దరం సరిగ్గా పడటం లేదు. అక్క లేచి, "ఇటియ్యమ్మా" అని ఫోన్ తీసుకుని రెండు ఫొటోలు తీసింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. అక్క మొహంలో కూడా ఏమీ తెలియలేదు. ఆమె కూడా నాలాగే అలసిపోయినట్టుంది.

లోపల డాక్టర్ పుండు కడిగి కట్టు కట్టి, వారం పాటు రోజూ కట్టు మార్పించుకోవాలన్నాడు. వాళ్ల గల్లీ మలుపు దగ్గర అక్క దిగింది. దిగి, ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది.

"రేపు అమ్మను నువ్వు తీస్కపో. నాకు రేపు బీడీల ఆకు ఇస్తరు, పోవాలె."

"సరే" అన్నాను.

"పదింటికల్ల పో. లేటైతే లైను శాన ఉంటది" అని చెప్పి, సంచీ భుజానికి వేసుకుని నడిచి వెళ్లింది.