పద్దెనిమిదో గడి మీద గీత

మహజబీన్ బాజీకి కోపమొస్తే కరాచీలో మా నాజిమాబాద్ మొత్తానికి కరెంటు పోతుందని నేనంటే అందరూ నవ్వుతారు. కానీ ఆ గురువారం నిజంగానే పోయింది. సీరియల్ ఆఖరి భాగం అయిపోయిన మరుక్షణం టీవీ ఆరిపోయింది. చీకట్లో ఆవిడ గొంతొక్కటే వినిపించింది.

"నా కథ గొంతు పిసికి చంపేశారు, పాపిష్టి వెధవలు!"

ఆవిడ మా పై అంతస్తులో ఉంటుంది, వాడంతటికీ బాజీ, అంటే అక్క. ఆడపిల్లల బడిలో ఇరవై రెండేళ్లుగా ఉర్దూ పంతులమ్మ. ఆవిడ గొంతు వింటే సుద్దముక్క కూడా నిటారుగా నిలబడుతుంది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, పొయ్యి మీద పప్పు పడేసి, ఆ గట్టు మీదే కాగితాలు పెట్టుకుని నవలలు రాస్తుంది. ఆడవాళ్ల మాసపత్రికలో వస్తాయవి. ఆవిడ రాసిన ప్రతి కాగితానికీ పసుపు మరక ఉంటుంది. పత్రికవాళ్లు ఆ వాసన చూసే చేతిరాత గుర్తుపడతారని నా నమ్మకం.

టీవీవాళ్లు సీరియల్ తీసిన నవల మాత్రం పద్నాలుగు నెలలు వచ్చింది. పైకి కట్టుకథ, లోపలంతా సొంత చెల్లెలు నిగార్ కథ.

మా నిఖా కాగితంలో పద్దెనిమిదో గడి ఒకటుంటుంది. విడాకులు తీసుకునే హక్కు భార్యకి కూడా ఇస్తున్నావా అని పెళ్లికొడుకుని అడిగే గడి అది. అడిగేదెవరు? మౌల్వీ సాబ్ ఇంట్లో టీ తాగుతూ, పనిలో పనిగా ఆ గడి మీద ముందే అడ్డగీత కొట్టేసి తెస్తాడు. పెళ్లికూతురు ముసుగు కింద నుంచి చెయ్యి చాపి, చూపించిన చోటల్లా సంతకం పెడుతుంది. నిగార్ కూడా అలాగే పెట్టింది. మొగుడు మణికట్టు విరిచాక పుట్టింటికొచ్చేసింది. ఆ ఒక్క గీత చెరపడానికి కోర్టు మెట్లు తొమ్మిదేళ్లు ఎక్కింది. అన్నేళ్లూ నిగార్ నోరు విప్పి పది మాటలు మాట్లాడి ఉంటే నేను లెక్కపెట్టి చెప్పేదాన్ని.

నవలలో హీరోయిన్ కోర్టులో గెలిచి, ఎండలో చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. టీవీవాళ్లేం చేశారు? దానికి 'నీ గడప దాటను' అని పేరు పెట్టారు. తీర్పు రోజున మొగుణ్ణి వానలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. వాడు ఏడుస్తుంటే హీరోయిన్ కోర్టు కాగితాలు ముక్కలు ముక్కలు చేసి, "ప్రేమ ఉన్నచోట హక్కులతో పనేంటి?" అంటుంది. కరాచీలో ఆ మాటకి కారిన కన్నీళ్లు పట్టి ఉంటే ఆ వేసవంతా నీళ్ల ట్యాంకర్లు రానక్కర్లేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఏడ్చాను. ఏడ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

మర్నాడు పొద్దున్నే బాజీ టీవీ ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల ఒక తేనెగొంతు కుర్రాడు.

"మేడమ్, జనం సంతోషంగా ఏడవాలి కదండీ. మీ హీరోయిన్ అలా వెళ్లిపోతే ఎవరు ఏడుస్తారు?"

"తొమ్మిదేళ్లు ఏడ్చింది చాల్లేదా నాయనా?"

"కథ ఎలాగైనా మార్చుకోవచ్చని మీరే సంతకం పెట్టారు మేడమ్. ఏడో పేజీ చూసుకోండి."

బాజీ కాగితం తీసి చూసింది. పదకొండు పేజీల ఒప్పందం. అప్పట్లో మొదటి పేజీలో తన పేరు చూసి మురిసిపోయి, మిగతావి తిప్పకుండానే సంతకం పెట్టేసింది. చదవకుండా సంతకం పెట్టొద్దని నవల రాసిన మనిషి! ఆ రోజు ఆవిడ కసిగా తోమిన పప్పు గిన్నె అడుగు ఇక పొయ్యికి పనికొస్తుందో లేదో నాకు అనుమానమే.

అక్కడితో అయిపోతే మానిన పుండయ్యేది. కానీ తర్వాతి శుక్రవారమే నిగార్ కూతురు సదఫ్ నిఖా. పద్దెనిమిదో గడి మీద గీత పడకూడదని బాజీ నెల కిందటే పెళ్లికొడుకు వాళ్లని ఒప్పించింది. వాళ్లూ తలూపారు. సీరియల్ అయిన మూడో రోజు పెళ్లికొడుకు తల్లి కౌసర్ మిఠాయి డబ్బా పట్టుకుని బాజీ ఇంట్లో దిగింది. నేనూ పంచదార కావాలనే వంకతో వెళ్లాను.

"ఎంత బాగా రాశావు మహజబీన్! మావాడు హమ్మాద్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. ప్రేమ ఉన్నచోట హక్కులతో పనేంటి! ఆహా! మరి ఆ గడి సంగతి... నీ నోటితోనే తీర్పు చెప్పేశావుగా?"

"అది నేను రాసింది కాదు."

"టీవీ మీద నీ పేరే వేశారు, నా కళ్లతో చూశాను. పెళ్లిరోజే విడాకుల మాటెత్తితే నలుగురూ నవ్వరూ?"

ఆవిడ వెళ్లాక సదఫ్ కూడా గొణిగింది. "వదిలెయ్ ఖాలా. హమ్మాద్ మంచోడు."

"మీ నాన్న కూడా పెళ్లిరోజు మంచోడేనే!" అని బాజీ అరిచిన అరుపుకి మిఠాయి డబ్బా మీది ఈగలు కూడా లేచిపోయాయి. నిగార్ మాత్రం మూలన కూర్చుని పెళ్లి దుపట్టాకి అంచు కుడుతూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మగాళ్లు ముందు గదిలో, మేం లోపలి గదిలో కూర్చున్నాం. మేడ మీద బిర్యానీ దమ్ మీదుంది. మౌల్వీ సాబ్ సాక్షుల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చి, నిఖా కాగితం నాలుగు ప్రతులు సదఫ్ ఒళ్లో పెట్టి, వేలితో చూపించాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. కానివ్వు బేటీ."

బాజీ పక్క నుంచి వంగి చూసింది. గీత. నాలుగింటి మీదా గీత.

"ఇదెవరు కొట్టారు మౌల్వీ సాబ్?"

"నేనే కొట్టుకొచ్చా. ఎప్పుడూ కొట్టేదేగా. ఇవాళ ఇంకా మూడు నిఖాలున్నాయమ్మా నాకు."

"మేం వద్దని చెప్పాం."

కౌసర్ అందుకుంది. "చెప్పావు. తర్వాత సీరియల్లో ఇంకోటి చెప్పావు. ఏ మాట పట్టుకోమంటావు?"

గదంతా కిసుక్కుమంది. బాజీ మొహం కుంకుమలా అయిపోయింది. దేశం మొత్తానికి తన నోటితో అబద్ధం చెప్పించారు. ఇప్పుడా అబద్ధమే వచ్చి చెల్లెలి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. బాజీ ఏదో అనబోయేలోపే సదఫ్ కలం తీసుకుంది.

అప్పుడు నిగార్ లేచింది. వచ్చి కూతురి చేతిలోంచి కలం లాక్కుంది. ఎడమచేత్తో. కుడి మణికట్టు ఇప్పటికీ సరిగా తిరగదు. ఆ వంకర మణికట్టుని దుపట్టా పక్కకి నెట్టి సదఫ్ కళ్లముందు పెట్టింది.

"నా కాగితం మీద కూడా ఇంత నున్నగానే కొట్టారమ్మా గీత," అంది. "చూసి పెట్టు సంతకం."

సదఫ్ ముసుగు పైకెత్తింది. అంతమంది ముందు పెళ్లికూతురు ముసుగెత్తడం నేను చూడ్డం అదే మొదలు. మౌల్వీ సాబ్ వంక తిన్నగా చూసి, "గీత లేని కాగితాలు తెండి. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను," అంది.

తేవడానికి గంటంబావు పట్టింది. బిర్యానీలో బంగాళాదుంపలు సున్నమైపోయాయి. కౌసర్ ఆ గంటంబావూ మా ఏడు తరాల్నీ తిడుతూనే ఉంది. ముందు గదిలో హమ్మాద్ పైకీ కిందకీ చూసి, చెమట తుడుచుకుని, ఆ గడిలో 'అవును' అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి గానీ రాశాడు.

బాజీకి కోపం తగ్గిందనుకుంటున్నారా? మొన్న నేనే శుభవార్త మోసుకెళ్లాను. "బాజీ, మౌల్వీ సాబ్ ఇప్పుడు ఇంట్లో గీత కొట్టడం మానేశాడు తెలుసా! పెళ్లికి వచ్చాకే, కొట్టమంటారా వద్దా అని అడుగుతున్నాడట."

"ఎవర్ని అడుగుతున్నాడు?"

"ఎవర్నేంటి, పెళ్లికూతురి నాన్నని."

పొయ్యి మీద పప్పు పొంగుతున్నా చూడలేదు. పసుపు చేతుల్తోనే బురఖా తగిలించుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగి మసీదు వైపు వెళ్లింది. వెనక్కి తిరిగి చూడలేదు. పప్పు నేనే దించాను.