చివరి అచ్చులు

పనికోసం వచ్చిన అరబ్బు దేశంలో, జాబ్రియా అనే చోట పళ్ల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చుని, రాయచోటిలో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేశాను. కఫీల్, అంటే ఇక్కడ నన్ను పనికి పెట్టుకున్న యజమాని, ఈసారీ సెలవు ఇవ్వలేదని చెప్పిన దగ్గర్నుంచి, తొమ్మిది రోజులుగా ఆమె ఫోన్ ఎత్తుతుంది కానీ మాట్లాడదు. నేనే నాలుగు మాటలు చెప్పి పెట్టేయబోతుంటే పక్కనున్న పెద్దావిడ ఇంగ్లీషులో, "ఆపకండి, ఇంకాస్త మాట్లాడండి" అంది.

ఆమెది బల్గేరియా. అక్కడ పాత స్లావిక్ భాష పాఠాలు చెప్పేదట.

"వెయ్యేళ్ల కిందట మా మాటలు కూడా మీ మాటల్లాగే అచ్చుతో ముగిసేవి. పలకగా పలకగా ఆ చిన్న అచ్చులు సన్నబడి, చివరికి లేకుండా పోయాయి. నేను వాటిని పుస్తకాల్లో చూడటమే" అంది.

ఫోన్లో మా ఆవిడ గొంతు లేచింది. "ఎవురయ్యా ఆయమ్మ?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"అట్లనా? అయితే నా మాటలు గూడా ఇనిపిచ్చు."

స్పీకర్ పెట్టాను. "మీ కఫీల్‌కు పెండ్లాం బిడ్డలు లేరా? సెలవు కావాలని నువ్వసలు అడిగుంటే గదా!" అని మొదలుపెట్టింది. గదిలో అందరూ మావైపు తిరిగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దావిడ మాత్రం తన టోకెన్ నంబరు పిలిచినా లేవకుండా, కళ్లు మూసుకుని, ఆ తిట్లన్నీ చివరంటా వింది.