ఏప్రిల్ ఆఖరున పెట్టే సంతకం

ముప్పై ఏళ్ళ పైచిలుకు కార్మిక అర్థశాస్త్రం చెప్పాను. ఎన్ని వ్యాసాలు రాశారు, ఎందరి చేత పీహెచ్‌డీలు చేయించారు అని అడుగుతారు జనం. ఏప్రిల్ ఆఖరున ఏ కాగితాల మీద సంతకాలు పెట్టారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగనందుకు చాలాకాలం లోలోపల సంతోషించాను కూడా.

సంగతేమిటంటే, మా డిపార్టుమెంటులో సగం పాఠాలు చెప్పేది గెస్ట్ లెక్చరర్లు. పేరుకే గెస్టులు, ఏళ్ళ తరబడి ఉంటారు. ఏటా ఏప్రిల్ చివరి రోజున, రేపటినుంచి మీ సేవలు అవసరం లేదని వాళ్ళ చేతికి ఒక కాగితం ఇస్తాం. జూలైలో కొత్తగా తీసుకున్నట్టు ఇంకో కాగితం. మధ్యలో రెండు నెలలు రికార్డులో వాళ్ళు లేనే లేరు. కానీ ఆ ఎండల్లో పరీక్ష పేపర్లు దిద్దేదీ, అడ్మిషన్లు చూసేదీ వాళ్ళే. సర్వీసు మధ్యలో తెగిందని చూపిస్తే రేపు పర్మినెంటు చెయ్యమని అడగలేరు, అంతే కిటుకు.

రిటైరైన వాళ్ళ జాగాలో ఎవరినీ వెయ్యకపోవడంతో హెడ్డు కుర్చీ పన్నెండేళ్ళు నాకే తగులుకుంది. మొదటి ఏడాదే గుమాస్తా పాత డ్రాఫ్టు తెచ్చి ముందు పెట్టాడు. సంవత్సరం మార్పించి సంతకం పెట్టాను. ఆ కాగితం అమల్లోకి వచ్చేది సరిగ్గా మేడే నుంచి. ఆ తమాషా కార్మిక అర్థశాస్త్రం చెప్పే నాకు తట్టడానికి ఏడేళ్ళు పట్టింది!

అసలు నాకు పేరు తెచ్చిందే ఈ కిటుకు. వయసులో ఉండగా ఒక ఫ్యాక్టరీ గేటు ముందు నెలల తరబడి నిలబడి కాంట్రాక్టు కార్మికులతో మాట్లాడాను. మూడు నెలలకోసారి వాళ్ళను రెండు రోజులు బయట నిలబెట్టి, మళ్ళీ కొత్తవాళ్ళలా లోపలికి తీసుకునేవారు. "ఇది విరామం కాదు, మోసం" అని రాశాను. ఆ వ్యాసం చూపించే ప్రొఫెసర్నయ్యాను.

ఆ వ్యాసాన్ని మా క్లాసు పిల్లలకు పాఠంగా చెప్పేది మాత్రం ఒక గెస్టు లెక్చరరు. బోయిగూడ మనిషి, ఒకప్పుడు నా విద్యార్థి. నా దగ్గరే పీహెచ్‌డీ చేసి, గెస్టుగా చేరి, పన్నెండేళ్ళు అక్కడే ఉండిపోయాడు. నాకు నడుం పట్టేసినప్పుడు నా క్లాసులు చెప్పాడు. తనిఖీకి మనుషులొస్తే నా ఫైళ్ళన్నీ సర్దిపెట్టాడు.

మొన్న మార్చిలో పైనుంచి ఉత్తరం వచ్చింది. పదేళ్ళు తెగకుండా పనిచేసిన గెస్టులను పర్మినెంటు చేస్తారట, మే పదిహేను లోపల దరఖాస్తు పెట్టుకోవాలట. ఆ ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి వంట మొదలుపెట్టానో లేదో, సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు అతని స్కూటరు ఆగింది.

"మేడం, తక్లీఫ్ ఇస్తున్న, ఏమనుకోకుండ్రి" అంటూ ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచాడు. పన్నెండు ఎండాకాలాల డ్యూటీ స్లిప్పులు. అన్నిటి మీదా నా సంతకమే. "మే, జూన్ల సుత పనిచేసిన్నని ఒక్క లెటర్ రాసియ్యుండ్రి. నలభై నాలుగొచ్చినయ్ మేడం. గిప్పుడు కాకుంటే ఇంకెప్పుడు కాదు."

రాసిస్తే, నేను సంతకం పెట్టిన పన్నెండు కాగితాలూ అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. రిటైర్మెంటుకు నెలన్నర లేదు. నా పెన్షన్ కాగితాలు తిరుగుతున్నదీ ఆ ఆఫీసులోనే. భయం వేసింది. దాచుకోవడమెందుకు, గట్టిగానే వేసింది.

"రికార్డులో ఉన్నదే రాయాలి కదా నాయనా" అన్నాను. అన్నాక నా మాట మీద నాకే రోత పుట్టింది.

"పర్వాలే మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. తిట్టి ఉంటే ఆ పూట అన్నమన్నా సహించేది.

మర్నాడు వరండాలో నడుస్తుంటే అతని గొంతు వినిపించింది. పాఠం నా వ్యాసమే. వెనక బెంచీ అమ్మాయి అడుగుతోంది: "సార్, మరి ఆ కాగితం మీద సంతకం పెట్టేటాయనకు తెల్వదా, వీళ్ళు నిజంగా పనిచేస్తున్నరని?"

"తెలుసు" అన్నాడు అతను. "ఆయనకు సుత నౌకరి భయం ఉంటది గదా. గా ముక్క వ్యాసంల లేదు. మీరు రాసుకోండ్రి."

వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

ఏప్రిల్ ఆఖరు రోజు వచ్చింది. నా రిటైర్మెంటూ ఆ రోజే. గుమాస్తా తెచ్చిన ప్యాడులో పైన నన్ను సాగనంపే ఆర్డరు, కింద గెస్టులవి. అతని కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఇది పెట్టను" అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"మీరు పెట్టకుంటే రేపొచ్చే హెడ్డు పెడ్తరు మేడం, ఏం ఫరక్ పడ్తది?" అన్నాడు గుమాస్తా.

కాగితం కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ అతనూ గుమాస్తా వైపే మాట్లాడాడు. "పెట్టుండ్రి మేడం. గా కాగితం ఫైల్ల లేకుంటే జూలైల మల్ల తీస్కోరు."

అయ్యో రామా అనుకునే అలవాటు లేని ఇల్లు మాది; ప్రభువా అనుకున్నాను. పెన్ను తీసి, అచ్చు వాక్యాల కింద రాశాను: "ఈయన మే, జూన్ నెలల్లోనూ పనిచేస్తారు. పన్నెండేళ్ళుగా చేస్తూనే ఉన్నారు. అది తెలిసే ప్రతి ఏడూ ఇటువంటి కాగితం మీద సంతకం పెట్టాను." కింద సంతకం, తేదీ.

"అరె, ఖరాబ్ చేసిన్రు గద మేడం!" అని గుమాస్తా తల పట్టుకుని, పోయి ఇంకో ప్రింటు తెచ్చాడు. దాని మీద ఎప్పటిలాగే పెట్టాను. ఫైలు అదే అడిగింది, అతనికీ అదే కావాలి. గుమాస్తా మొదటి కాగితం చింపబోయాడు.

"చింపకే అన్నా, ఇటియ్యి" అన్నాడు అతను.

సొరుగులోంచి హెడ్డు సీలు తీసి, ఆ ఖరాబైన కాగితం మీద నేనే గట్టిగా గుద్ది ఇచ్చాను. నా ఉద్యోగంలో ఆ సీలు వాడింది అదే ఆఖరు. అతను రెండుసార్లు చదువుకుని ఫోల్డరులో పెట్టుకున్నాడు.

దరఖాస్తుకు దాన్నే జత చేశాడు. జవాబింకా రాలేదు. నా పెన్షనూ ఇంకా రాలేదు.

మేడే సెలవు కాబట్టి ఆ రోజు ఇద్దరం ఇళ్ళలోనే ఉన్నాం. మే రెండున నేను ఇంట్లోనే ఉన్నాను. అతను పేపర్లు దిద్దడానికి వెళ్ళాడు.