ఒక పూట ప్రయాణం

డెబ్బై ఒకటి డిసెంబరులో జోర్హాట్ మిలిటరీ ఆసుపత్రిలో వార్డు ఆయాగా చేరాను. నా చదువు మూడో తరగతి. రెండు తెల్ల చీరలు, ఒక ఉన్ని స్వెట్టరు, ఒక కంబళి ఇచ్చారు. తుపాకి ఒక్కటే ఇవ్వలేదు. పొద్దున ఎనిమిదింటికి కూడా ఎదుటి షెడ్డు కనపడనంత మంచు.

మూడో వారంలో కడుపులో తూటా దిగిన జవాను వచ్చాడు. గన్నవరం పక్క పల్లె. నాది ఉయ్యూరు. తెలుగు వినగానే అక్కా అన్నాడు. ఆపరేషను అయింది. తొమ్మిదో రోజు గంజి తాగాడు. విమానంలో ఇంటికి పంపమని డాక్టరుగారు రాశారు. వస్తున్నాడని వాళ్ళమ్మకు తంతి వెళ్ళింది.

"గన్నవరం ఎన్ని పూటల ప్రయాణం అక్కా?"

మా వైపు దూరాన్ని పూటల్లో కొలుస్తారు, అన్నం మూట కట్టుకోవాలి గనక. వైర్‌లెస్ హవల్దారును అడిగాను. పద్దెనిమిది వందల కిలోమీటర్లు. గాల్లో ఏడు గంటలు, కలకత్తాలో ఆగేది ఒక గంట.

"ఒక్క పూట," అన్నాను.

"మా ఎర్రబస్సు బెజవాడ పోయి రావడానికే అంత పడుద్ది," అని నవ్వబోయాడు. కుట్లు లాగాయి.

ఆర్డరు ఏమిటంటే, విమానం ఎక్కే రోజు పొద్దుటి నుంచి రోగి నోట్లోకి ఏమీ పోకూడదు. వాంతి అయితే కుట్లు తెగుతాయి.

మొదటి రోజు ఆరింటికి స్ట్రెచరు మీద కట్టాం. పగలు రెండింటికి హవల్దారు చెప్పాడు: "మంచు. విమానం రేపు." రెండో రోజూ అదే మాట. మూడో రోజూ అదే. సాయంత్రం గంజి పడితే మింగలేకపోయేవాడు. నాలుగో రోజు పొద్దున నా కొంగు పట్టుకున్నాడు.

"ఒక్క ముద్ద పెట్టక్కా."

"ఆర్డరు లేదు. ఎనిమిది గంటలు ఆగలేవా? మీ అమ్మ పెడుతుంది. ఆకలితో ఇక్కడెవడూ చావలేదు."

రాత్రి మిగిలిన వాడి గంజి బల్ల మీదే ఉంది. వృథా ఎందుకని పక్క మంచం అతనికి పోశాను. వాడు చూస్తూనే ఉన్నాడు.

ఐదో రోజు పన్నెండున్నరకు పోయాడు. ఒంటిగంటకు మంచు విడిపోయింది.

శవపెట్టెతో నన్ను పంపారు. మర్నాడు పొద్దున ఆరున్నరకు విమానం ఎక్కి, రెండున్నరకు గన్నవరంలో దిగాం. సరిగ్గా ఎనిమిది గంటలు.

కంచె దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది, చేతిలో మూడు గిన్నెల క్యారేజీతో. వస్తున్నాడన్న తంతి అందింది. పోయాడన్నది అందలేదు. ఆరు రోజులుగా రోజూ కొత్తగా వండి తెస్తోందట. పెట్టె మీద చెయ్యి వేసి అడిగింది.

"ఎన్ని పూటలైందమ్మాయ్, వాడు తిని?"

"తొమ్మిదండీ."

క్యారేజీ నా చేతిలో పెట్టింది. "నువ్వు తిను. అంత దూరాన్నించి వచ్చావు."

అన్నం పారేయడం నాకు చేతకాదు. పెట్టె పక్కనే కూర్చుని బొమ్మిడాయిల పులుసుతో మూడు గిన్నెలూ ఖాళీ చేశాను. మెతుకు మిగల్చలేదు. తర్వాత ఉయ్యూరు బస్సెక్కి ఇంటికొచ్చాను.

నేను తింటున్నంతసేపూ ఆవిడ ఎదురుగా కూర్చుని చూసింది. ముద్దకు నేను నోరు తెరిచినప్పుడల్లా ఆవిడ నోరూ తెరుచుకునేది, పిల్లాడికి తినిపిస్తున్నట్టు.